చెవిలో హోరుకు వేగస్ నరం వ్యాయామాలు: ఎంతవరకు ఉపకరిస్తాయి, ఎక్కడ జాగ్రత్త పడాలి?

మౌనయాత్రి:
సభ్యులందరికీ నమస్కారం. నాకు రెండు చెవుల్లోనూ సన్నని ఈల లాంటి శబ్దం చాలాకాలంగా ఎడతెగకుండా వినిపిస్తోంది. చెవి, ముక్కు, గొంతు వైద్యులు పరీక్షించారు. గులిమి గానీ ఇన్ఫెక్షన్ గానీ లేవని, హెచ్చు స్థాయి స్వరాల దగ్గర వినికిడి కొంత తగ్గిందని, ప్రమాదకరమైన కారణమేదీ కనిపించలేదని చెప్పారు. పగలు పనిలో ఉన్నంతసేపు నెట్టుకొస్తున్నాను కానీ, రాత్రి పడుకోగానే ఆ శబ్దమే మనసంతా ఆక్రమించుకుంటుంది, గుండె దడదడలాడుతుంది, నిద్ర దూరమవుతుంది. మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నరాన్ని ఉత్తేజపరిస్తే ఇది తగ్గిపోతుందని చెప్పే వీడియోలు ఈ మధ్య చాలా చూశాను. నిదానంగా ఊపిరి పీల్చడం, గొంతుతో మ్రోత తీయడం, ముఖానికి చన్నీళ్లు తగిలించడం, మెడ పక్కన నొక్కడం, తల కదపకుండా కళ్లు ఒక పక్కకు తిప్పి ఉంచడం వంటివి అందులో చూపిస్తున్నారు. వీటిలో శాస్త్రీయ ఆధారం ఉన్నవేవి, ఆ ఉపశమనం ఏ దారిన కలుగుతుంది, ఏవి చేయకూడదు అన్నది తెలిసినవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

శ్రవణమిత్ర:
మౌనయాత్రి గారూ, నేను వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. ముందు వైద్యుల దగ్గరికి వెళ్లి వచ్చి ఆ తర్వాత ఈ ప్రశ్న అడిగారు, సరైన వరుస అదే.

టిన్నిటస్ అంటే బయట ఏ శబ్దమూ లేకపోయినా వినిపించే శబ్దం. చెవి లోపలి కాక్లియాలో ఉండే సున్నితమైన రోమకణాలు పెద్ద శబ్దాల వల్లో, వయసు వల్లో, కొన్ని మందుల వల్లో దెబ్బతిన్నప్పుడు ఆ స్వరాలకు సంబంధించిన సంకేతాలు మెదడుకు తక్కువగా అందుతాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి మెదడులోని శ్రవణ మార్గం తన సున్నితత్వాన్ని పెంచుకుంటుందని, అలా పెరిగిన స్పందనే శబ్దంగా అనుభవమవుతుందని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే మీ వినికిడి ఎక్కడ తగ్గిందో దాదాపు ఆ ప్రాంతపు స్వరంలోనే ఈల వినిపిస్తూ ఉండవచ్చు.

ఇది అరుదైన సమస్య కాదు. 2022లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ ప్రకారం పెద్దవారిలో సుమారు 14 శాతం మందికి ఏదో ఒక దశలో ఈ అనుభవం ఉంది, తీవ్రంగా బాధపడేవారు మాత్రం 2 శాతం వరకే ఉన్నారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరం చాలా ముఖ్యమైనది. శబ్దం వినిపించే చాలామంది దానితో పెద్దగా ఇబ్బంది లేకుండా బతుకుతున్నారు, కొందరికి అదే శబ్దం నరకమవుతోంది. పరీక్షల్లో కొలిచిన శబ్ద తీవ్రతకూ పడే బాధకూ పొంతన తక్కువ. ఆ తేడా ఎందుకు వస్తోందో టిన్నిటస్ పరిశోధకుడు పావెల్ జాస్ట్రెబాఫ్ 1990లో ప్రతిపాదించిన నమూనా బాగా వివరిస్తుంది. శ్రవణ మార్గంలో పుట్టిన సంకేతాన్ని భావోద్వేగ కేంద్రాలు ముప్పుగా ముద్ర వేసినప్పుడు మన ప్రమేయం లేకుండా గుండె, శ్వాస వంటివాటిని నడిపే స్వతంత్ర నాడీవ్యవస్థ మేల్కొంటుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. శరీరం అలా అప్రమత్తమైన కొద్దీ మెదడు ఆ శబ్దాన్ని మరింత శ్రద్ధగా గమనిస్తుంది, గమనించిన కొద్దీ ముప్పు అన్న ముద్ర బలపడుతుంది. మీకు రాత్రి జరుగుతున్నది సరిగ్గా ఇదే.

వేగస్ నరం ఈ వలయంలో ప్రవేశించేది శబ్దం పుట్టే చోట కాదు, శరీరం అప్రమత్తమయ్యే చోట. అది పదవ కపాల నరం. గొంతు, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం దాకా విస్తరించి ఉంటుంది. అందులోని తంతువుల్లో దాదాపు 80 శాతం శరీరం నుంచి మెదడుకు వార్తలు మోసేవే. గుండె, శ్వాస నెమ్మదించిన సంగతిని అవి మెదడు కాండానికి చేరవేస్తాయి. అక్కడి నుంచి, మెలకువనూ జాగరూకతనూ నియంత్రించే లోకస్ సెరూలియస్ వంటి కేంద్రాలకు ఆ సంకేతాలు వెళ్తాయి. కాబట్టి ఈ వ్యాయామాలు ఈలను ఆర్పుతాయని ఆశించకూడదు. ఈల వినిపించినప్పుడు శరీరం ఉలిక్కిపడే అలవాటును తగ్గిస్తాయని ఆశించవచ్చు, అది నా దృష్టిలో చిన్న లాభం కాదు.

ప్రమాణం:
శ్రవణమిత్ర గారు చెప్పినదానికి పరిశోధనల వైపు నుంచి కొంత చేర్చాలి, ఎందుకంటే వీడియోలు చేసేవారు ఒక ప్రయోగపు ఫలితాన్ని మరో పద్ధతికి అంటగడుతున్నారు.

2011లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో ఒక ముఖ్యమైన అధ్యయనం వచ్చింది. డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ కిల్గార్డ్ బృందం, పెద్ద శబ్దాల వల్ల టిన్నిటస్ లక్షణాలు వచ్చిన ఎలుకల్లో వేగస్ నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తూ, అదే క్షణంలో ఎంచుకున్న స్వరాలు వినిపించింది. ఆ లక్షణాలు తొలగిపోయాయి, శ్రవణ వల్కలంలో, అంటే శబ్దాలను గ్రహించే మెదడు పైపొరలో, వచ్చిన మార్పులు కూడా వెనక్కి మళ్లాయి. ఆ తర్వాత 2014లో మెడలో పరికరం అమర్చిన 10 మంది రోగులపై ఇదే పద్ధతి ప్రయత్నించినప్పుడు నలుగురిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. 2017లో 30 మందితో, పోల్చి చూసే వర్గాన్ని కూడా పెట్టి చేసిన పరీక్షలో కొందరు మెరుగుపడ్డారు గానీ, రెండు వర్గాల సగటు ఫలితాల మధ్య తేడా సందేహానికి తావు లేకుండా నిరూపితం కాలేదు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ పద్ధతికి ప్రాణం నర ప్రేరణ ఒక్కటే కాదు, ఆ ప్రేరణనూ స్వరాన్నీ క్షణం తేడా లేకుండా జత కలపడం. దీర్ఘశ్వాస తీసుకున్నప్పుడు అలాంటి జత కలవదు. ఎలుకల ప్రయోగాన్ని చూపించి, మా శ్వాస వ్యాయామంతో మెదడు పునర్నిర్మితమై శబ్దం పోతుందని చెప్పడం అన్యాయం. శ్వాస వ్యాయామాలు ఒత్తిడిని తగ్గిస్తాయనడానికి ఆధారాలు ఉన్నాయి, టిన్నిటస్ శబ్దాన్నే తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. బాధపడుతున్నవారు ఆశతో వస్తారు కాబట్టే ఈ తేడాను స్పష్టంగా చెప్పడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

ఉచ్ఛ్వాసం:
నేను శ్వాస సాధన నేర్పుతాను. ప్రమాణం గారి మాటలతో నాకు విభేదం లేదు. పరిమితి తెలిసి చేసేవారికి ఉపయోగపడుతుందని చేసే విధానం రాస్తున్నాను.

మనం ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదిలే సమయంలో వేగస్ నరం గుండెపై వేసే పగ్గం బిగియడమే దీనికి కారణం. కాబట్టి వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువ ఉండేలా చూసుకోవడమే ఈ వ్యాయామంలోని కిటుకు. ముక్కుతో సుమారు 4 సెకన్లు పీల్చి, ముక్కుతోనో కొద్దిగా తెరిచిన పెదవులతోనో 6 సెకన్లు వదిలితే నిమిషానికి 6 శ్వాసలు అవుతాయి. చాలామంది పెద్దవారిలో ఈ వేగం దగ్గర శ్వాస, గుండె వేగం, రక్తపోటు ఒకే లయలోకి వచ్చి, గుండె వేగంలోని హెచ్చుతగ్గులు అత్యధికమవుతాయి. అంత నిదానం మొదట్లో కష్టమనిపిస్తే 3 సెకన్లు పీల్చి 4 లేదా 5 సెకన్లు వదలండి.

ఎక్కువమంది తడబడే చోటు ఒకటుంది. దీర్ఘశ్వాస అనగానే ఛాతీ నిండా బలంగా గాలి పీల్చేస్తారు. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, కొందరిలో చెవి హోరు పెరిగినట్టు అనిపించడం జరుగుతాయి. కావలసింది నిదానం, పరిమాణం కాదు. పొట్ట మీద చేయి ఉంచి, అది మెత్తగా లేచి దిగేలా, పక్కనున్నవారికి ఊపిరి చప్పుడు వినబడనంత మృదువుగా చేయండి. భుజాలు, దవడ వదులుగా ఉండాలి. శ్వాసను బిగబట్టవలసిన అవసరం లేదు. ఒక్కో విడతలో 5 నుంచి 10 నిమిషాలు చాలు. రాత్రి దడ మొదలయ్యాకే కాకుండా పగలు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా సాధన చేస్తేనే శరీరానికి ఆ దారి అలవాటవుతుంది. గాబరా పడుతున్న వేళ కొత్త విద్య నేర్చుకోవడం ఎవరికైనా కష్టమే.

తంత్రి:
నేను గాత్ర సంగీతం నేర్చుకున్నదాన్ని, నాకూ ఎడమ చెవిలో హోరు ఉంది, దానికి పరీక్షలన్నీ అయ్యాయి. పెదవులు మూసి మ్రోత తీయడం గురించి నా అనుభవం చెప్తాను. స్వరపేటికను కదిలించేవి వేగస్ శాఖలే అన్నది నిజం, అయితే మ్రోత వల్ల కలిగే ప్రశాంతతకు అంతకంటే సూటి కారణం నిశ్వాసం తనంతట తానే పొడవు కావడమని నాకు అనిపిస్తుంది. లెక్క పెట్టుకోవడం ఇష్టం లేనివారికి ఇది సులువైన దారి. నేను తక్కువ స్థాయిలో, మాట్లాడే గొంతు కంటే మెల్లగా, పెదవుల దగ్గర సన్నని కంపనం తెలిసేంతే తీస్తాను. హోరును ముంచేయాలన్న పట్టుదలతో గట్టిగా తీసినప్పుడు గొంతు, మెడ బిగుసుకుని ప్రయోజనం లేకుండా పోతుంది.

భ్రామరి పద్ధతిలో చెవులు మూసుకోవడం ఉంటుంది. కొందరికి అది బాగుంటుంది, నాకు మాత్రం చెవులు మూయగానే లోపలి శబ్దమే పెద్దదై వినిపిస్తుంది. కాబట్టి చెవులు తెరిచి ఉంచే చేస్తాను.

శ్రవణమిత్ర:
తంత్రి గారి పరిశీలన సరైనది. చెవులు మూసినప్పుడు బయటి శబ్దం తగ్గుతుంది, లోపలిది స్పష్టమవుతుంది. టిన్నిటస్ ఉన్నవారు చెవులు తెరిచి చేయడమే మంచిది.

ఇక మౌనయాత్రి గారి జాబితాలో చేయకూడనివాటి గురించి. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట నొక్కడం, రుద్దడం ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అక్కడ కెరోటిడ్ ధమని ఉంటుంది. వైద్యులు ఆ మర్దనాన్ని గుండె లయను ఈసీజీలో చూస్తూ, ఎంపిక చేసిన రోగులకే చేస్తారు. ధమని గోడలో కొవ్వు పేరుకున్నవారిలో ఒక ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు, గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. కనుగుడ్లను నొక్కడం కూడా ఇలాగే ప్రమాదకరం. ముక్కు మూసి బలంగా ఊదడం, ఊపిరి బిగబట్టి ముక్కడం చెవి లోపలి పీడనాన్ని పెంచుతాయి, అప్పటికే చెవి సమస్య ఉన్నవారికి అది తగదు.

ముఖానికి చన్నీళ్లు తగిలించినప్పుడు నీటిలో మునిగినప్పటి ప్రతిచర్య మేల్కొని గుండె నెమ్మదిస్తుంది. ఆరోగ్యవంతులు చల్లని తడి గుడ్డను నుదుటి మీద, కళ్ల చుట్టూ కొద్దిసేపు ఉంచుకుంటే ఇబ్బంది లేదు. గుండె లయలో తేడాలున్నవారు, గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారు, తరచూ స్పృహ తప్పేవారు వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోవద్దు. కళ్లు పక్కకు తిప్పి ఉంచే వ్యాయామం వల్ల హాని లేదు, టిన్నిటస్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదు. అయితే దవడ బిగించినప్పుడో మెడ తిప్పినప్పుడో శబ్దం మారేవారు కొందరుంటారు. వారికి దవడ, మెడ కండరాల చికిత్స వల్ల నిజమైన మేలు కలిగే అవకాశం ఉంది కాబట్టి ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

రాత్రిచుక్క:
ఈ చర్చ చదివి నేనూ శ్వాస సాధన మొదలుపెడదామనుకుంటున్నాను. నాకు కుడి చెవిలో మాత్రమే, గుండె కొట్టుకుంటున్నట్టు లయబద్ధంగా వినిపిస్తుంది. ఇంకా ఎవరికీ చూపించుకోలేదు.

శ్రవణమిత్ర:
రాత్రిచుక్క గారూ, దయచేసి మీరు ముందు వైద్యుణ్ణి కలవండి. శ్వాస సాధన మీకు హాని చేస్తుందని కాదు, దానితో ఊరట కలిగి అసలు పరీక్ష వెనక్కి పోతుందేమోనన్నదే నా ఆందోళన. నాడితో కలిసి కొట్టుకునే శబ్దం మామూలు టిన్నిటస్ కంటే భిన్నమైనది. చెవి దగ్గరి రక్తనాళాల్లో మార్పులు, రక్తహీనత, థైరాయిడ్ అతి చురుకుదనం, తల లోపలి ద్రవ పీడనం పెరగడం వంటి కారణాలు దాని వెనుక ఉండవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఒక్క చెవిలోనే ఉండే శబ్దానికి కూడా వినికిడి పరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ చేస్తారు. మీకు తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు.

చదువుతున్న మిగతావారికి కూడా ఒక మాట. వినికిడి కొన్ని గంటల్లో లేదా రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా పడిపోయి హోరు మొదలైతే అది అత్యవసర పరిస్థితి. స్టెరాయిడ్ చికిత్స తొలి రెండు వారాల్లోపు, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. హోరుతో పాటు తీవ్రంగా కళ్లు తిరగడం, ముఖం ఒక పక్క బలహీనపడడం ఉన్నా వెంటనే చూపించుకోవాలి.

రాత్రిచుక్క:
ధన్యవాదాలు. ఈ వారమే వెళ్తాను.

మౌనయాత్రి:
ఉచ్ఛ్వాసం గారు చెప్పిన విధానం మొదలుపెట్టాను. శరీరం తేలికపడుతున్న మాట వాస్తవం. అయితే నిశ్శబ్దమైన గదిలో కళ్లు మూసుకుని కూర్చోగానే ఈల మరింత పెద్దదిగా వినిపిస్తోంది. నా పరిస్థితి దిగజారుతోందా అన్న భయం కలుగుతోంది.

ఉచ్ఛ్వాసం:
దిగజారడం లేదు, మీరు ఎంచుకున్న గది అందుకు కారణం. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి ఏం వినిపించిందో చెప్పమన్నారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందని చెప్పారు. నిశ్శబ్దంలో చెవులు రిక్కించి కూర్చుంటే ఎవరికైనా లోపలి శబ్దం పైకి తేలుతుంది, అలాంటప్పుడు టిన్నిటస్ ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

కాబట్టి సాధన చేసేటప్పుడు వాన చప్పుడు, ఫ్యాన్ గాలి వంటి మెత్తని శబ్దాన్ని ఈల కంటే కొంచెం తక్కువ స్థాయిలో పెట్టుకోండి. ఈలను పూర్తిగా కప్పేయాలని చూడకండి, రెండూ కలిసి వినిపిస్తుంటే మెదడు ఈలను పట్టించుకోకుండా ఉండడం నేర్చుకునే వీలుంటుంది. కళ్లు తెరిచే ఉంచి, చూపును ఏదో ఒక వస్తువు మీద నిలిపి, ధ్యాసను పొట్ట కదలిక మీదకు తీసుకురండి. ధ్యాస ఈల మీదకు వెళ్తే వెళ్లనివ్వండి, దానితో పోట్లాడకుండా మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోండి. శబ్దం తగ్గిందా అని ప్రతి శ్వాస తర్వాత పరీక్షించుకోవడమే ఈ సాధనకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి.

ప్రమాణం:
మరైతే ప్రయోజనం ఉందో లేదో తెలుసుకునేది ఎలా అన్న ప్రశ్న వస్తుంది. టిన్నిటస్ సహజంగానే రోజుకో తీరుగా ఉంటుంది. బాధ ఎక్కువైనప్పుడే మనం కొత్త మార్గం వెతుకుతాం, ఆ తర్వాత అది దానంతటదే కొంత తగ్గినా ఆ ఘనతను వ్యాయామానికి ఇచ్చేస్తాం. దీన్ని తప్పించుకోవడానికి, 1996లో రూపొందిన టిన్నిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళి ఉపయోగపడుతుంది. అందులో 25 ప్రశ్నలు ఉంటాయి, మొత్తం 0 నుంచి 100 వరకు అంకెలు వస్తాయి, ఎక్కువ అంకె ఎక్కువ బాధకు గుర్తు. నిద్ర, ఏకాగ్రత, చిరాకు, నిస్సహాయత వంటివాటి గురించి అడుగుతుంది గానీ శబ్దం ఎంత పెద్దదని అడగదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత ఒకసారి నింపండి. రెండు మూడు అంకెల తేడాను లెక్కలోకి తీసుకోవద్దు, కనీసం 7 అంకెలు తగ్గితేనే అది అనుభవంలో తెలిసే మెరుగుదల.

ఆధారం విషయంలో ఇంకొకటి చెప్పకపోతే నా మాట అసంపూర్ణమవుతుంది. టిన్నిటస్ బాధను తగ్గించడంలో ఇప్పటివరకు ఎక్కువ పరీక్షలు నిలబెట్టిన మార్గం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష 28 అధ్యయనాలను పరిశీలించి, అది జీవన నాణ్యతపై టిన్నిటస్ ప్రభావాన్ని తగ్గించవచ్చని తేల్చింది. ఆ చికిత్సలో శరీరాన్ని సడలించే పద్ధతులు కూడా తరచుగా భాగమై ఉంటాయి. శ్వాస సాధనను దానికి బదులుగా కాకుండా దానికి తోడుగా చూడడం సమంజసం.

కొత్తచిగురు:
నేను ఈ చర్చకు కొత్త. చెవికి తగిలించుకునే క్లిప్పుల వంటి పరికరాలతో వేగస్ నరాన్ని ప్రేరేపించవచ్చంటున్నారు. వ్యాయామాల కంటే అవి మేలా?

ప్రమాణం:
వాటి వెనుక ఉన్న శరీర నిర్మాణ శాస్త్రం నిజమే. వేగస్ నరపు ఒక శాఖ చెవి దొప్పలోకీ చెవి రంధ్రపు గోడలోకీ వస్తుంది, దానికి ఫ్రెడరిక్ ఆర్నాల్డ్ పేరు పెట్టారు. చెవి శుభ్రం చేసుకుంటున్నప్పుడు కొందరికి దగ్గు రావడానికి కారణం ఆ శాఖే. చర్మం మీదుగా దాన్ని విద్యుత్తుతో ప్రేరేపించే ప్రయోగాలు టిన్నిటస్‌లో జరిగాయి, కానీ అవి చిన్నవి, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. గుండెలో పేస్‌మేకర్ వంటి పరికరం ఉన్నవారు వాటిని సొంతంగా వాడరాదు. 2023లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన లెనైర్ అనే పరికరాన్ని కూడా కొందరు ఈ కోవలో చేరుస్తున్నారు. అది శబ్దంతో పాటు నాలుకకు ప్రేరణ ఇస్తుంది, అక్కడ పనిచేసేది ప్రధానంగా ముఖం, నాలుకల స్పర్శను మోసే ట్రైజెమినల్ నరం, వేగస్ కాదు.

కొత్తచిగురు:
వివరణకు కృతజ్ఞతలు. మా నాన్నగారు వినికిడి యంత్రం వాడతారు, ఆయనకూ హోరు ఉంది. శ్వాస సాధన చేసేటప్పుడు యంత్రం తీసేయాలా?

శ్రవణమిత్ర:
తీయవలసిన పని లేదు. పెట్టుకునే చేయమనండి. యంత్రం బయటి శబ్దాలను చెవికి అందించి, మెదడు లోటును పూడ్చుకోవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది, వినికిడి లోపంతో పాటు టిన్నిటస్ ఉన్న చాలామందికి హోరు వెనక్కి తగ్గేది అందువల్లేనని భావిస్తున్నారు. మ్రోత తీసినప్పుడు తన గొంతు యంత్రంలో మరీ గట్టిగా వినిపిస్తుందంటే మ్రోత మానేసి మౌనంగా శ్వాస సాధన మాత్రం చేయవచ్చు. రాత్రి పడుకునే ముందు యంత్రం తీసేశాక హోరు ఎక్కువైనట్టు అనిపించడం సహజం. ఆ వేళకు పడకగదిలో మెత్తని నేపథ్య శబ్దం ముందే సిద్ధంగా పెట్టి, ఆ తర్వాత యంత్రం తీయమనండి. ఆయన రక్తపోటుకో గుండెకో మందులు వాడుతుంటే, చన్నీళ్ల పద్ధతి వదిలేసి నిదానమైన శ్వాసకే పరిమితం కావాలి. సాధన కూర్చుని చేయాలి, కళ్లు తిరిగినట్టు అనిపిస్తే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి.